రెండు నిమిషాల జడ

నాకు జడ పెడతానన్నాడు, ఈ రోజు మేడ్చల్‌లో ఒక ఫ్లెక్సీ షాపాయన.

ఆదివారం శామీర్‌పేటలో నా పెయింటింగుల ప్రదర్శన ఉంది. దాని ఫ్లెక్సీ కోసం పెన్‌డ్రైవ్‌లో నేనిచ్చిన బొమ్మలో వాకిట్లో పీట మీద ఒకతను కూర్చుని ఉంటాడు. వెనక నుంచి ఇంకొకతను అతని తలకు కొబ్బరినూనె రాస్తుంటాడు. కూర్చున్నది నేను. రాస్తున్నది తొమ్మిదేళ్లుగా నాతో కాపురం చేస్తున్నవాడు.

షాపాయన బొమ్మను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాడు.

"ఇద్దరు మగోళ్లు గిట్లేంది తమ్మీ? చౌరస్తాల కడితె మంది ఏమనుకుంటరు? కూసున్నాయనకు జడ పెడ్త, రెండు నిమిషాల పని" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. మేము నేరస్తులం కాదని కోర్టు చెప్పి ఏళ్లు గడిచినా, ఈయన మౌస్ ఇంకా ఒప్పుకోలేదు!

ఆయన వెనక గోడకు ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ వేలాడుతోంది. అందులో ఇరవై మంది మగవాళ్లు చెంపకు చెంప ఆనించుకుని నవ్వుతున్నారు. ఒక్క ఆడమనిషి లేదు.

"మరి దీంట్ల ఎవలికి జడ పెట్టినవ్ అన్నా?" అన్నాను.

పెన్‌డ్రైవ్ పీకి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు పాత దుప్పటి మీద అదే బొమ్మ నేనే వేస్తున్నాను. ఆదివారం చౌరస్తాలో కడతాను. ఆయన భయపడ్డ ఆ మంది మీరే కదా, ఏమనుకుంటారో చెప్పండి.