మామగారి కోసం రాసిన బంగళా

మా మనవడు ఈ ఫిజీలోనే, సువా పట్నం పక్కన నసీనులో ఉంటాడు. రోజూ బస్సెక్కి సువాలో ఏదో ఆఫీసుకు పోతాడు. వాడూ, వాడిలాగే మెడకు టై బిగించుకునే మరో పదిమందీ కలిసి ఒక తెలుగు సంఘం నడుపుతున్నారు. తెలుగు మాత్రం ఎవరికీ సరిగ్గా రాదు, సగం హిందీ కలుస్తుంది. ఈ మధ్య వాళ్ళకు చరిత్ర పిచ్చి పట్టింది. మరుగున పడిన చోట్లు వెతకడం, అక్కడ నిలబడి ఫోటోలు దిగడం, తాతల గొప్పలు మైకులో చెప్పుకోవడం. ఒకడి తాత జమీందారట, పొరపాటున ఓడెక్కాడట. ఇంకొకడి తాత మహా పండితుడట. ఇంతమంది జమీందార్లూ పండితులూ వచ్చేస్తే ఇక్కడ చెరుకు నరికిందెవరో నాకు అర్థం కాదు.

పోయిన నెల వాడు నేనుండే లంబాసాకు వచ్చి, వాళ్ళ నానమ్మ పెట్టె అడుగున దొరికిన పాత ఉత్తరం ఒకటి నా ముందు పరిచాడు.

"తాతా, ఇది నీ రాతే కదా. గుళ్ళో పూజారి చదివి బోలాడు. గిర్మిట్ టైములోనే మనకి బంగళా ఉండేదంట. అది ఏ జాగా? సంఘం వాళ్ళు బస్సు తెస్తారు. అక్కడ బోర్డు లగాయించాలి."

ఆ బంగళా ఎక్కడుండేదో నాకు బాగా తెలుసు. అది మా మామగారి చెవుల్లో ఉండేది. ఇంకెక్కడా లేదు.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మామగారికి మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. వీధి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నవాణ్ణని పెద్దదాన్నిచ్చి నన్ను ఇంట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్న నెలకే నేను పాలేరు కంటే లోకువయ్యాను. ఒకనాడు బంతి భోజనంలో ఊరి పెద్దలందరి ముందూ, "మా అల్లుడికి ఆకలెక్కువ, పని తక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు. విస్తరి ముందు నుంచి లేచిపోయాను. కాకినాడలో మనుషుల్ని పోగుచేసే మేస్త్రీ ఒకడు దొరికి, "ఫిజీలో చెరుకుతోటల మీద పెత్తనం, కుర్చీలో కూర్చునే పని" అన్నాడు. చదువుకున్న గాడిదను కదా, నమ్మి గిర్మిట్ మీద, అదే కూలి ఒప్పందం మీద, సంతకం పెట్టాను.

ఇక్కడ కుర్చీ కులంబర్‌ది. తోట దొరను అలా పిలిచేవాళ్ళం. మాది కూలీల లైన్లలో, అంటే వరస కొట్టాల్లో, పదడుగుల పొడవూ ఏడడుగుల వెడల్పూ ఉన్న గది. అందులో ముగ్గురం, ఒకడి మంచం మీద ఇంకొకడి మంచం. పొయ్యీ అందులోనే. పక్క గదిలోవాడు దగ్గితే మా అందరికీ మెలకువ వచ్చేది. తెల్లవారకముందే ఈల వేసేవాళ్ళు. లేవడం ఆలస్యమైతే కూలీల మీద పెత్తందారు సర్దార్ వచ్చి తన్ని లేపేవాడు. ఆ సర్దార్ కూడా మనవాడే, అందుకే ఇంకాస్త గట్టిగా తన్నేవాడు.

ఆదివారాలు లైన్లవాళ్ళందరికీ నేనే ఉత్తరాలు రాసేవాణ్ణి. నిజం రాయమన్నవాడు ఒక్కడూ లేడు. మధ్యాహ్నం వీపు మీద దెబ్బలకు పసుపు పూసుకున్నవాడు, సాయంత్రం నా ముందు గొంతుక్కూచుని, "సుఖంగా ఉన్నామని రాయి, దొర సొంత కొడుకులా చూసుకుంటున్నాడని రాయి" అనేవాడు. పరువు. తినడానికి గంజి సరిగ్గా లేదు కానీ సముద్రం అవతల మాత్రం పరువు నిలబడాలి. వాళ్ళను చూసి నాలో నేను నవ్వుకునేవాణ్ణి. తర్వాత నా ఉత్తరం రాయడానికి కూర్చుని, వాళ్ళందర్నీ మించిపోయాను.

"దొరవారు నా తెలివికి ముచ్చటపడి తమ బంగళా పక్కనే నాకూ సున్నం కొట్టిన బంగళా ఇప్పించారు. మెట్లెక్కి లోపలికి పోవాలి. నా చేతి కింద అరవైమంది. వంటకు వేరే మనిషి" అని రాశాను. మామగారికి చదువు రాదు. ఉత్తరం వస్తే కరణం అరుగు మీద కూర్చుని పైకి చదవాలి, వీధి వీధంతా వినాలి. నా ఆశంతా అదే. బంతిలో నవ్వినవాళ్ళందరూ ముక్కున వేలేసుకోవాలి. గుమ్మం వెనక నిలబడి వినేవాళ్ళలో నా పెళ్ళాం కూడా ఉంటుందన్న సంగతి ఈ మహా తెలివిగలవాడి బుర్రకు తట్టలేదు.

ఎనిమిది నెలలకు కరణం చేతిరాతతో జవాబొచ్చింది. మామగారు మొట్టమొదటిసారి నన్ను "అల్లుడుగారు" అన్నాడు. అమ్మాయి మీ దగ్గరికి వస్తానని పట్టుబట్టింది, ఆ మేస్త్రీయే దయతలచి వెంటబెట్టుకుపోయి మద్రాసులో ఓడెక్కిస్తున్నాడు, టిక్కెట్టు కోసం ఏదో వేలిముద్ర వేయించుకున్నాడట, రేవుకు బండి పంపించవలెను, అని ఉంది.

ఆ వేలిముద్ర ఏమిటో నాకు తెలుసు. ఐదేళ్ళ గిర్మిట్. ఆడమనుషుల కోసం ఆ మేస్త్రీలు ఊళ్ళు గాలించేవాళ్ళు. నా పెళ్ళాం దానంతట అదే వెళ్ళి వాడి గుమ్మం తట్టింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను. వచ్చినవాళ్ళను ఏ చక్కెర మిల్లు తోటలకు పంపుతారో ఎవరికీ తెలియదు. ఆమెను లంబాసాకు కాక వేరే దీవిలో ఉన్న బా అనే ఊరి మిల్లుకు పంపేస్తే బాగుండునని మొక్కుకున్నాను. అలాగైతే నన్ను ఈ అవతారంలో చూడదు. ఐదేళ్ళు ఒంటరిగా పరాయి లైన్లలో పడి ఉన్నా ఫరవాలేదు, నేను మాత్రం ఆమె కంట పడకూడదు. అంత గొప్ప మొగుణ్ణి.

ఆమె మాత్రం ఓడ దిగినవాళ్ళను ఉంచే డిపోలో కనబడ్డ ప్రతి గుమాస్తాతోనూ "లంబాసా, లంబాసా" అంటూనే ఉందట. పోరు పడలేక ఇక్కడికే రాసేశారు. కొత్తవాళ్ళను రేవు నుంచి నడిపించుకొస్తున్నప్పుడు నేను మోకాళ్ళ లోతు బురదలో కాలువ తవ్వుతున్నాను. నా బంగళా ఏదని ఆమె దారిపొడుగునా అడగడంతో నా ఉత్తరం సంగతి లైన్లన్నిటికీ తెలిసిపోయింది. "అమ్మా, ఇరుగో బంగళా దొరవారు" అని సర్దార్ నన్ను చూపించాడు. ఆమె ఆగి, ఒక్కసారి చూసి, తల దించుకుని నడిచింది.

మా ఇద్దరికీ ఒక గది ఇచ్చారు. ఆ సాయంత్రం, ఊరి నుంచి వెంట తెచ్చుకున్న నా ఉత్తరం చేత పట్టుకుని నాలుగు గోడలూ చూసి, "మెట్లున్నాయని రాశావు మావా" అంది. గుమ్మం ముందున్న బండరాయి వంక చూశాను. ఆమె ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టి, పొయ్యి ముందు కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మూడు వారాలు కలుపు తీసింది. ఒక ఆదివారం నా ముందు కాగితం పెట్టింది.

"చెల్లిని కూడా పంపుతానన్నాడు నాన్న, నాకు తోడుగా ఉంటుందని. కోతలయ్యాక ఆ మేస్త్రీ వస్తాడంట. అది రాకూడదు. రాయి."

"నీకు ఒంట్లో బాగోలేదని రాస్తాను."

"అలా రాస్తే చాకిరీ చెయ్యడానికని ఇంకా ముందే పంపుతాడు."

"ఓడలు ఆగిపోయాయని రాస్తాను."

"మేస్త్రీ అవునంటాడా? నిజం రాయి మావా."

"మీ నాన్న ముందు నా తలెక్కడ పెట్టుకోను?"

ఆమె రెండు అరచేతులూ నా ముందు చాపింది. బొబ్బలు చితికి పచ్చిపుళ్ళయ్యాయి.

"నీ తల గురించి ఆలోచించే కదా నన్నిక్కడికి తెచ్చావు. రాయి."

రాశాను. గది కొలత రాశాను, తన్నులు రాశాను, వేలిముద్ర అంటే ఏమిటో రాశాను. మామగారు ఒక్కరే విని చింపేయండి అని చివర్లో ఒక ముక్క చేర్చాను. ఆమె మొత్తం చదివించుకుని, ఆ ముక్క కొట్టేయించింది.

"కరణం అరుగు మీదే చదవాలని రాయి. అందరూ వినాలి. మా వీధిలో పెళ్ళీడు పిల్లలు ఇంకా ఉన్నారు."

"మీ నాన్న పరువు పోతుందే."

"పోనీ."

ఆ ఉత్తరం మర్నాడే పంపాను. ఆ తర్వాత ఎన్నో ఓడలొచ్చాయి. ఒక్కో ఓడ వచ్చినప్పుడల్లా ఆమె కొత్తవాళ్ళను పట్టుకుని ఏ ఊరని అడిగేది. చెల్లెలు రాలేదు. ఆ వీధి నుంచి మరో ఆడపిల్ల రాలేదు. ఆ ఇంటి నుంచి ఉత్తరం కూడా రాలేదు.

గిర్మిట్ అయిపోయింది, మాకూ ఇంత చెరుకు, ఇంత ఇల్లు వచ్చాయి. టపా స్టీమరు వచ్చిందంటే చాలు, "ఒకసారి పోస్టాఫీసుకి వెళ్ళి చూసిరా మావా" అనేది. తను కన్నుమూసేదాకా అంటూనే ఉంది. మొదటి రెండు మూడేళ్ళు వెళ్ళి అడిగాను. అడిగినప్పుడల్లా ఆ గుమాస్తా లేదని తలూపడం నాకు నామోషీగా ఉండేది. తర్వాత అక్కడిదాకా పోవడమే మానేశాను. దారిలో ఎవరింట్లోనో కూర్చుని ఇక్కడివాళ్ళ మత్తు కషాయం యాంగోనా రెండు చిప్పలు తాగి, ఇంటికొచ్చి, "ఈసారి కూడా లేదే" అనేవాణ్ణి. ఆ ఇంటి నుంచి ఉత్తరం ఎప్పుడైనా వచ్చే ఉంటే, తీసుకునే దిక్కులేక తిరిగి వెళ్ళిపోయి ఉంటుంది.