నైరుతి గోడతో పోట్లాడిన మేడమ్

అన్నపూర్ణేశ్వరి మేడమ్ ఇక లేరన్న వార్త అశోక్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకరు ఆలస్యమన్న కబురుకీ ఎవరిదో పుట్టినరోజు కేకుకీ మధ్యన వచ్చింది. పాఠకులకు ముందే ఒక మనవి. నేను హాస్యరచయితను. పిల్లిని చూసి పులి అని రాసి, దానికి గండుమీసాలు కూడా తగిలించడం నా వృత్తిధర్మం. కాబట్టి ఈ వ్యాసంలో ప్రతి మాటకూ పావు వంతు తరుగు తీసి చదువుకోండి. దుఃఖానికి మాత్రం తరుగు తీయవద్దు.

నారాయణగూడలోని ఒక కళాశాలలో మేడమ్ దశాబ్దాల తరబడి భూగర్భశాస్త్రం బోధించారు. నేను ఆవిడ శిష్యుణ్ని, ఆ తరవాత పొరుగువాణ్ని. రాయి కనబడితే ఆవిడకు చుట్టం కనబడ్డట్టే. చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతూ దుకాణం రాతిమెట్టును ఆప్యాయంగా తడిమి, “ఇది హిమాలయాలకంటే వయసులో పెద్దది, తెలుసా బాబూ. కాస్త మర్యాదగా తొక్కు” అనేవారు. ఆ వ్యాపారి హడలిపోయి కొత్తిమీర ఊరికే ఇచ్చేవాడు. ఇందులో అతిశయోక్తి లేదు. కరివేపాకు కూడా ఇచ్చేవాడు.

అటువంటి విదుషీమణి శేషజీవితమంతా ఒక ఇటుక గోడతో పోట్లాటకే సరిపోయింది. మా భవనంలో కింది అంతస్తుల్లో సంసారులం, పై అంతస్తుల్లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే ఆడపిల్లల హాస్టలు. ముందొక మెట్లదారి, వెనకొకటి. వెనకదారి తలుపు నైరుతి మూలన ఉందని, అది అరిష్టమని ఒక వాస్తు పండితుడు సెలవిచ్చాడు. అసోసియేషన్ సెక్రటరీ నర్సింగరావు గారు వెంటనే ఆ తలుపుకు అడ్డంగా గోడ కట్టించారు. వెనక మెట్లు దిగి వచ్చినవాళ్లు ఇక గోడను దర్శించుకుని తిరిగి పైకెక్కవలసిందే. మిగిలిన ముందు మెట్ల మీద చెప్పుల అల్మారాలు, పరమపదించిన కూలర్లు కొలువుతీరాయి.

మీటింగు జరిగిన ప్రతిసారీ మేడమ్ లేచేవారు.

“మీరు ఊకె పరేషాన్ అయితున్నరు మేడమ్,” అనేవారు నర్సింగరావు గారు. “మన హైదరాబాద్ బండ మీద కూసున్నది. భూకంపం గీడికెందుకొస్తది?”

“బండ సంగతి నేను చూసుకుంటానండీ. బండ మీద మనం కట్టినదాని సంగతేమిటి? గోదావరి లోయ పొడవునా భూమి లోపల పాత పగుళ్లున్నాయి. అక్కడ కదిలితే ఇక్కడ గిన్నెలు మోగుతాయి. గిన్నెలు మోగితే చాలు, అందరూ ఒకే మెట్ల మీద పడతారు.”

“గోడ తీస్తే పెద్దలకు కీడంటున్నరు గద.”

“ఈ బిల్డింగులో నాకంటే పెద్దవాళ్లెవరూ లేరు. ఆ కీడేదో నా పేర రాసేసి తలుపు తెరవండి.”

తరవాత సమోసాలు వచ్చేవి. విషయం వాయిదా పడేది.

హాస్టలు పిల్లలంటే ఆవిడకు ప్రాణం. ఒకనాడు సంధ్య అనే అమ్మాయిని, “మన ఊరికి భూకంపం భయం ఎంత?” అని అడిగారు.

“తక్కువ ప్రమాదం ఉన్న జోన్ మేడమ్. ఒక్క మార్కు బిట్.”

“మార్కు నీదేనమ్మా. మరి నీ తల మీద అటకెక్కించావే, ఆ ట్రంకుపెట్టె ఏ జోను?”

సంధ్య నవ్వి పెట్టె దించింది. ఆ సాయంత్రమే మేడమ్ తాడు తెప్పించి, హాస్టల్లోని పుస్తకాల బీరువాలన్నింటినీ కిటికీ ఊచలకు కట్టించారు.

ఒక ఉదయం భూమి నిజంగానే కదిలింది. కొన్ని క్షణాలే. నా లెక్కలో మాత్రం ముషీరాబాద్ లేచి దోమలగూడ ఒళ్లో కూర్చుని, సిగ్గుపడి వెనక్కి వెళ్లింది. బీరువాలు కదల్లేదు. మేమే కదిలాం. తువ్వాళ్లతో, పళ్లపొడి నోళ్లతో, అందరం ముందు మెట్ల మీద పడ్డాం. కూలరు ఒరిగింది, సంధ్య దాని మీద పడింది, ఆ పిల్ల మీద మేం పడ్డాం. సంధ్య చెయ్యి విరిగింది. భోజనాల బల్ల కింద కాఫీ గ్లాసుతో కూర్చున్న మేడమ్, అంతా సద్దుమణిగాక బయటికొచ్చి అన్న మాట ఒక్కటే: “భూమి ఆగింది. మీరే ఆగలేదు.”

ఇకనైనా గోడ పోతుందనుకున్నాం. అసోసియేషన్ వారు శాంతిహోమం చేయించారు, సరిగ్గా ఆ గోడ ముందే. దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. మేడమ్ ఆ బొట్లు చూసి నాతో, “ఇటుకలతో వాదించాను రా. దేవుడైపోయాక ఎలా వాదించను?” అన్నారు. ఆవిడ గొంతులో ఓటమి విన్నది ఆ ఒక్కసారే.

పోయిన నెల ఆవిడకు గుండెనొప్పి వచ్చింది. స్ట్రెచరు లిఫ్టులో పట్టలేదు. ముందు మెట్ల మీద అల్మారాలు ఒక్కొక్కటే జరుపుతుంటే ఆవిడ మలుపు దగ్గర పడుకుని నిరీక్షించారు. “నెమ్మదిగా తియ్యండి నాయనా, కంగారులో పడిపోతారు” అని మాకే ధైర్యం చెప్పారు. ఆస్పత్రికి చేరాక ఎంతోసేపు లేరు. ఆలస్యం గురించి డాక్టరు ఏమీ అనలేదు. మేమూ అడగలేదు.

సంతాపసభలో నర్సింగరావు గారు లేచారు. “మేడమ్ చెప్పిందే నిజమాయె” అంటూ కన్నీళ్ల పర్యంతమయ్యారు. గడ్డపార తెప్పించి తొలి ఇటుకను స్వహస్తాలతో పెకలించారు. ఆ కంతలోంచి ఎండ వెనక మెట్ల మీద పడింది. సంధ్య కట్టు కట్టిన చేత్తోనే రెండో ఇటుక లాగింది. ఆ ధీమతికి అంతకుమించిన నివాళి ఏముంటుంది?

ఏమీ ఉండదు. అందుకే కల్పించాను. పైన రాసినవాటిలో చాలావరకు నేను పెంచినవి. గడ్డపార, ఎండ, ఇటుకలు మాత్రం మొదటి నుంచీ చివరిదాకా అబద్ధం. నర్సింగరావు గారి కన్నీళ్లు నిజం. ఆయన అన్న ఆ మాటా నిజమే. సభ ముగిశాక మేడమ్ ఫొటోకు దండ వేసి, ఎక్కడ పెడదామని అందరూ ఆలోచించారు. గతించిన పెద్దల పటాలకు నైరుతి శ్రేష్ఠమన్నాడు వాస్తు పండితుడు. ఆ గోడకే మేకు కొట్టి తగిలించారు. ఇప్పుడు దాని మీద చెయ్యి వేయాలంటే ముందు ఆవిణ్ని దించాలి. అంతటి సాహసం మాలో ఒక్కరికే ఉండేది.