చెడిన పేజీలో మనిషి

ఉప్పల్‌లోని ఆ రక్తనిధి కేంద్రానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చింది నేనే కాబట్టి, కంప్యూటర్ మొరాయిస్తే నాచారం నుంచి నన్నే పిలిచేవారు. ఆ మధ్యాహ్నం వెళ్లి కూర్చునేసరికి కుర్చీ వెనక ఫ్యాక్టరీ యూనిఫాంలో ఒకతను నిలబడి ఉన్నాడు. అతని భార్యకు పొద్దున కాన్పయింది, రక్తస్రావం ఆగడం లేదు. ఆమెది బాంబే గ్రూపు. అది ఉన్నవాళ్లు ఎక్కడో గానీ దొరకరు, ఇంకే రక్తమూ ఎక్కించకూడదు. అలాంటి దాత ఒకరు డేటాబేస్‌లో ఉన్నారని అక్కడి టెక్నీషియనమ్మకు గుర్తు. కానీ దాతల పట్టిక తెరిస్తే సగంలో ఎర్రర్ కొట్టి ఆగిపోతోంది.

కరెంటు పోయినప్పుడు యూపీఎస్‌ను కంప్యూటర్ నుంచి తీసేసి రక్తం పెట్టే ఫ్రిజ్‌కు తగిలించారట; కంప్యూటర్ టప్పున ఆరిపోయి ఫైలు చెడింది. తిట్టబోయి మింగేశాను. అది తప్పని ఏ మొహం పెట్టుకుని అంటాను? బ్యాకప్ సీడీలు చూద్దామా అంటే గీతలు పడి ఒక్కటీ చదవడం లేదు.

“రిపేర్ కొట్టెయ్‌రాదు సార్,” అంది టెక్నీషియనమ్మ.

“రిపేరంటే బాగుచేయడం కాదమ్మా! ఫైల్లో చదవలేని పేజీని చింపి అవతల పారేస్తుంది. మనక్కావలసిన మనిషి ఆ పేజీలోనే ఉంటే?”

“అన్నా, జర జల్ది సూడే,” అన్నాడు వెనక నుంచి అతను. “డాక్టరమ్మ ఫోన్ల మీద ఫోన్లు జేస్తున్నది.”

“చూస్తున్నానయ్యా! నెత్తిమీద నిలబడి ప్రాణం తీయకు!” అనేసి నాలుక కరుచుకున్నాను. ఆ మాట అనాల్సిన చోటా అది! అతను వెనక్కి జరిగాడు. నాకు ఏడుపొచ్చింది.

ఫైలుకు నకలు తీసి, చెడిన పేజీకి ముందున్న వరసలూ తర్వాతి వరసలూ విడివిడిగా లాగాను. బాంబే గ్రూపు ఎక్కడా లేదు. అంటే ఆ పేజీలోనే ఉంది. అప్పుడు తట్టింది, ఇండెక్సు! పుస్తకం చివరి పేజీల్లో పదసూచికలాగా, తొందరగా వెతకడానికని గ్రూపూ ఫోన్ నంబరూ వేరేచోట ఇంకోసారి రాసి ఉంటాయి. అసలు పట్టికను ముట్టుకోకుండా దాన్నే అడిగాను. ఒక్క వరస వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు, వట్టి నంబరు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ నంబరు కలిపాను. ఒక మగ గొంతు పలికింది. ఎవరిని పిలవమనాలో తెలియక విషయమంతా గడగడా చెప్పేశాను.

“గిది మా తమ్ముని నంబరు సార్,” అన్నాడు. “ఆడు పోయిండు.”

వెనకతను గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయాడు. ఫోన్ పెట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.

“ఇంటున్నరా సార్? ఇద్దరం ఒక్కనాడే పరీక్ష జేయించుకున్నం. నాది గూడ గదే రక్తం. కీసరల ఉన్న, బండి మీదొస్త. ఏ దవాఖానా?”