పక్క సీటు ముచ్చట్లు

కారెక్కితే నా భార్య నోరు ఊరుకోదని నేను పదిమందిలో చెప్పి నవ్వేవాణ్ని. బడిపంతులుగా రిటైరైన నాకు అరవై ఎనిమిదేళ్లు. సూర్యాపేట నుంచి ఎటు పోవాలన్నా కారు నేనే నడుపుతాను. పక్క సీట్లో కూర్చుని ఆమె దారి పొడుగునా ఏదో ఒకటి అంటూనే ఉండేది. "అగో, బర్రెలు అడ్డమొస్తున్నయ్." "స్పీడ్ బ్రేకర్ ఉన్నది సూడు." ఏడాదిగా ఈ ధోరణి మరీ ఎక్కువైంది. వయసు మీద పడి భయం పట్టుకుందనుకున్నాను.

వరికోతల రోజుల్లో ఒక పొద్దున మిర్యాలగూడలోని మా చెల్లెలింటికి భోజనానికి బయలుదేరాం. సగం దారిలో నాకు విసుగొచ్చింది.

"జరసేపు నోరు మూసుకుంటవా? ముప్పై ఏండ్ల సంది నడుపుతున్న" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

వేములపల్లి దగ్గర రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోశారు. మా వైపు అది మామూలే. అంచున రాళ్లు పెడతారు, బండ్లవాళ్లు తప్పుకుని పోతారు. ఎదురెండలో నాకు రోడ్డంతా ఒకటే రంగుగా కనబడింది. టైరు రాయి మీదికెక్కి కుదిపేశాక బ్రేకు తొక్కాను. కారు వడ్లలో జారి ఆగింది. బానెట్‌కు రెండడుగుల దూరంలో, వడ్లను కాళ్లతో తిరగేస్తున్న ఒకామె కొయ్యబారి నిలబడింది.

"ఏం సారూ, నేను కనబడలేదా?" అంది. అరవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"కనబడలేదమ్మా" అన్నాను.

ఇద్దరం దిగి, చెదిరిన వడ్లను ఆమెతో పాటు దగ్గరికి నెట్టాం. ఆ పనిలోనే నా భార్య మెల్లగా అంది: "నీకు సూపు ఆనుతలేదని నాకెరుకే. నిరుడు కండ్ల దవాఖానకు పోదామంటే రెండు దినాలు అన్నం తినకపోతివి. ఇగ ఏం జెయ్యాలె? నోటితోనే నడిపిస్తున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. మేనల్లుణ్ని ఫోన్ చేసి పిలిపించి తాళాలు అతని చేతిలో పెట్టాను.

రెండు కళ్లకూ మోతిబిందు ఆపరేషన్ అయింది. నడపొచ్చని డాక్టర్ చెప్పేదాకా స్టీరింగు ముట్టలేదు. చీకటి పడ్డాక ఇప్పటికీ నడపను.

మళ్లీ స్టీరింగు పట్టాక మొదటిసారి కోదాడలో ఒక పెళ్లికి పోయాం. హైవే బోర్డుల మీది అక్షరాలు దూరం నుంచే చదువుతుంటే పిల్లవాడిలా సంబరపడ్డాను. చివ్వెంల దాటాక ఒక లారీ ఇండికేటర్ వేయకుండా పక్కకొచ్చింది. వేగం తగ్గించి, ఆమె ఏమంటుందోనని చెవి ఒగ్గాను. ఏమీ అనలేదు. లారీ దూరమయ్యాక పక్కకు చూశాను. తల కిటికీకి ఆనించి, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. ఏడాది పొడుగునా నా కారులో ఆమె ఒక్క కునుకు కూడా తీయలేదని అప్పుడు తెలిసింది.

పెళ్లివారింటి ముందు కారు ఆపి, ఆమెను లేపకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.