నిడుగల్లు చేనులో నాలుగు మేకులు

ఎనభైల చివర, వానలు మొహం చాటేసిన ఏడు, నేను బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తూ నిడుగల్లు కోట కింది చేన్లలో ఇనుప మేకులు కొట్టుకుంటూ తిరిగాను. నేలలోకి కరెంటు పంపి లోపల నీరుందో లేదో చెప్పడం నా పరిశోధన. నెలనెలా వచ్చే ఫెలోషిప్పు రెండేళ్ల వరకే. మూడో ఏడు కూడా రావాలంటే ఒక్క చోటైనా నీటి జాడ పట్టానని ప్రొఫెసర్లకు చూపించాలి. లేకపోతే మూటాముల్లె సర్దుకుని వై.ఎన్.హొసకోటలో మా నాన్న కొట్లో బెల్లం తూచాలి. నాకు దానికంటే పెద్ద భయం లేదు.

చివరికి ఒక ముసలమ్మ తన చేనులో కొలుచుకోమంది. చెనక్కాయ విత్తి రెండేళ్లయిన బీడు అది. మూలన కూలి పూడిపోయిన బావి ఉంది. వరుసగా నాలుగు మేకులు కొట్టి, వైర్లు తగిలించి, కరెంటు పుట్టించి కొలిచే పెట్టె పిడి తిప్పాను. పాత పెట్టె కదా, తిప్పినంతసేపూ మూలిగేది. ముసలమ్మ గట్టు మీద కూర్చుని చెవొగ్గి వింది.

“లోపల ఎవురప్పా?”

“ఎవురూ లేరవ్వా, యంత్రం అది,” అని నవ్వేశాను.

పది రోజులు ఒకే చోట కొలవాలి కాబట్టి మేకులు అక్కడే వదిలి వెళ్లేవాణ్ణి. నేల తడిగా ఉంటే పెట్టె చూపే అంకె తగ్గుతుంది. మూడోనాటి నుంచి నా అంకె రోజూ తగ్గుతూ వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేల కింద ఏదో మెల్లగా పైకి వస్తున్నట్టనిపించింది. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి మేకుల దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగాను. అయినా అంకెలు పొందిగ్గా రాసుకున్నాను.

తొమ్మిదోనాడు తెల్లవారుతూనే వెళ్లాను. ముసలమ్మ బిందెతో మేకుల మొదట్లోనూ, వాటి నడుమ నేల పొడుగునా నీళ్లు పోస్తోంది. వంగి నేలతో మాట్లాడుతోంది.

“నిదానంగా తాగు నాయినా.”

మైలు దూరం నడిచి తెచ్చుకున్న తాగే నీళ్లవి.

“బావి లోతు చేస్తామని నా కొడుకు దిగినాడప్పా,” అంది నన్ను చూసి. “గట్టు కూలింది. శవం గూడా దొరకలా. దొరకనోనికి రాయి నాటకూడదన్నారు. నువ్వొచ్చి నాటినావు. పెట్టెలో వాడు మూలగతాంటే నీళ్లు పోయకుండా యెట్లుండేది?”

మా వైపు చనిపోయినవారికి రాయి నాటి నీళ్లు పోస్తారు. నా మేకులే ఆమెకు ఆ రాయి అయ్యాయి. నేను పట్టిన నీటి జాడంతా ఆమె బిందెలోదే.

ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే మూడో ఏడు ఖాయం. సిగ్గు విడిచి చెబుతున్నా, మూసుకుందామనే అనుకున్నాను.

“ఇంగొక్కసారి తిప్పప్పా. దప్పిక తీరిందేమో వింటా.”

తిప్పాను. ముల్లు ఎప్పటిలాగే కదిలింది. ఎనిమిది రోజులు మూలిగిన పెట్టె మాత్రం ఆ పొద్దు కిక్కురుమనలేదు. ముసలమ్మ కళ్లు తుడుచుకుని, ఖాళీ బిందె చంకనెత్తుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

అక్కడే కూర్చుని ఆ అంకెలు రాసుకున్న పేజీని అడ్డంగా కొట్టేశాను. ఫెలోషిప్పు ఆగిపోయింది. బెల్లం తూచాను, ఇప్పటికీ తూస్తున్నాను. బెంగళూరులో సామాను అప్పజెప్పినప్పుడు ఒక మేకు పోయిందని రాసి సంతకం పెట్టాను. అది పోలేదు. బావి వైపున్న నాలుగో మేకు పీకడానికి నాకు చేతులు రాలేదు.