వర్షిణి రీడు ఎండింది

వర్షిణికి కచేరీ మధ్యలో రీడు ఎండిపోతుంది. ఆమె గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. క్లారినెట్ మూతికి బిగించే ఆ పలుచటి పుల్ల లోకంలో అందరికీ ఊదేకొద్దీ నానుతుంది. ఈ పిల్లకు మాత్రం సరిగ్గా రాగం రక్తి కట్టే వేళకు ఎండుతుంది. పుల్ల ఊడదీసి వెలుతురుకు పెట్టి చూస్తుంది, చప్పరిస్తుంది, తుడుస్తుంది, మళ్లీ బిగిస్తుంది. ఈలోగా జనం చాయ్ తాగి వస్తారు.

ఇరవై రెండేళ్లకే రాయచూరు జిల్లాలో ఆమె వాయించని ఊరు లేదు, ఆపని ఊరూ లేదు. జవళగేరలో పెళ్లి ఊరేగింపు నడివీధిలో ఉండగా రీడు ఎండింది. పాటతో పాటు పెళ్లికొడుకు గుర్రమూ ఆగింది.

"ఏమ్మా, ముహూర్తం దాటిపోయేలా ఉంది. ఆ పుల్లేదో తర్వాత మార్చుకోకూడదూ?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ.

"నేనేం జెయ్యాలె సార్, ఎండింది," అంది వర్షిణి నిమ్మళంగా.

గుర్రాన్ని తోశారు, లాగారు, బెల్లం చూపించారు. క్లారినెట్ మొదలయ్యేదాకా అది అడుగు వేస్తే ఒట్టు.

ఇందుకు జనం తిట్లన్నీ తినేవాడు తండ్రి జయరామయ్య. బజారులో బట్టల దుకాణం కట్టేసి మరీ వచ్చి, కూతురి వెనక శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చుంటాడు.

"గిరాకీ కూసున్నంక చీర సగం విప్పి చాయ్‌కి పోతనా బిడ్డా నేను?"

"రీడు ఎండింది నాయినా."

తల్లి సౌభాగ్యలక్ష్మి ఆ రీడును రాత్రంతా గంగాళంలో నానబెట్టి చూసింది. లాభం లేకపోయింది.

అలా ఉండగా బెంగళూరు సభ కార్యదర్శి ప్రాణేశ్ ఆమె వాయిద్యం వినడానికి రాయచూరు వచ్చాడు. నచ్చితే వాళ్ల ఉత్సవంలో వర్షిణికి సోలో కచేరీ. "మధ్యలో ఒక్కసారి ఆపినా లేచి వెళ్లిపోతాను," అని ఫోనులోనే చెప్పేశాడు.

"ఈ ఒక్క దినం ఆపకు తల్లీ," అని జయరామయ్య బతిమాలాడు.

"చూద్దాం నాయినా."

కచేరీలో కల్యాణి రాగం మంచి జోరు మీద ఉంది. వర్షిణి ఆపింది.

రోజూ సిగ్గుతో తల వంచుకునే జయరామయ్య ఆ రోజు కోపంతో కూతురినే చూశాడు. ఆమె చూపు రీడు మీద లేదు. ఓరకంట, పక్కన డోలు వాయించే చెంచయ్య చేతుల మీద ఉంది. డెబ్బై దగ్గరపడ్డ చెంచయ్య కొంకర్లు పోయిన వేళ్లను కండువా చాటున రుద్దుకుంటున్నాడు.

"ఆడపిల్ల ఊదుడేంది?" అని డోలు వాళ్లెవరూ పక్కన కూర్చోనప్పుడు కూర్చున్నవాడు చెంచయ్య. ఆయన వేళ్లు పట్టేస్తున్నాయని ఊరికి తెలిస్తే రేపటి నుంచి పిలిచేవాళ్లుండరు. ఇన్నేళ్లూ ఎండింది రీడు కాదన్నమాట. జయరామయ్యకు కూతురి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ప్రాణేశ్ లేచి నిలబడ్డాడు. చెంచయ్య పిడికిలి ఇంకా విచ్చుకోలేదు.

జన్మలో మైకు ముట్టని జయరామయ్య మైకు అందుకున్నాడు. "మా రాయచూరు ఎండకు బండలే పగుల్తయి, రీడెంత?" అని మొదలుపెట్టాడు. ఎండ నుంచి పత్తికి, పత్తి నుంచి నూలుకు, నూలు నుంచి పట్టుకు వచ్చాడు. ప్రాణేశ్‌ను వేదిక మీదికి పిలిచి, సన్మానానికని దుకాణం నుంచి తెచ్చిన పట్టు శాలువా కప్పాడు. మడత సరిగా లేదని తీసి మళ్లీ కప్పాడు. అంచు నేత ఎట్టిదో సభకు వివరించాడు. పావుగంట గడిచింది. చెంచయ్య వేళ్లు విప్పి తల ఊపాడు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి వాయించిన వాయింపుకు ప్రాణేశ్ శాలువాతోనే కింద కూలబడి చివరిదాకా విన్నాడు. అయిపోయాక వర్షిణి దగ్గరికి వచ్చాడు.

"బెంగళూరుకు రండమ్మా. డోలుకు ఈ పెద్దాయన్నే తీసుకురండి. రీడు ఎన్నిసార్లయినా మార్చుకోండి. మీ నాన్నగారి చేతికి మాత్రం మైకు ఇవ్వకండి."