చెవిమేస్త్రీ విప్పేసిన బండి

ఆ చలికాలం చివర్లో మోటారుసైకిళ్ళ మెకానిక్ చెవిమేస్త్రీ గురించి వీధిలో నాలుగు మాటలు పుట్టాయి. మేనకోడలు ఉద్యోగానికి పోవడం గిట్టక, ఆమె బయల్దేరే పొద్దునే బండిని కావాలని విప్పేశాడన్నారు కొందరు. చనిపోయిన బావగారి బండి చేజారిపోతుంటే మనసొప్పక విప్పాడని ఇంకొందరు. మతి చలించిందని మరికొందరు. పాత సామాన్ల కొట్టాయన పగిలిన సామాను అంటగట్టాడని, ఆ కోపాన్ని బండి మీద చూపాడని మిగిలినవాళ్ళు. నిప్పు లేనిదే పొగ రాదనే సామెతను అందరూ వాడుకున్నారు గానీ, నిప్పు ఎక్కడుందో ఎవరూ వంగి చూడలేదు.

ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. విప్పిన ప్రతి ఇనుప సామానునూ కడిగి, షెడ్డు దూలానికి కట్టిన తీగకు వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. నిక్కమైన ఇనుము గంటలా సాగుతూ మోగుతుంది. లోపల పగులుంటే మోత గొంతులోనే ఆగిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఒక్క దెబ్బే ఆయన పరీక్ష. కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లితే పగులు నల్లటి గీతగా పైకి తేలుతుందని ఆయనకూ తెలుసు. ‘సుద్ద పూసుకోవడం చెవుల్లేనివాళ్ళ పని’ అనేవాడు.

బావగారి బండి ఆయన జబ్బుచేసి పోయాక ఏడేళ్ళుగా మూల పడి ఉంది. మేనకోడలికి కొండ మీది పాకల్లో పశువులకు మందులు వేసే ఉద్యోగం వచ్చింది. చలి తగ్గగానే చేరాలి. దారంతా మలుపులే; ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. నాన్న బండి మీదే వెళ్తానని ఆమె పట్టు పట్టింది.

“మావయ్యా, బండి చలి పోయేలోపు అవుతుందా, నేను రిటైరయ్యేలోపు అవుతుందా?”

“ముందు ఉద్యోగంలో చేరవే తల్లీ, రిటైర్మెంటు సంగతి తర్వాత చూద్దాం.”

మేస్త్రీ బండిని పూర్తిగా విప్పాడు. పిస్టన్ రింగులు, బేరింగులు, బ్రేకు కేబుళ్ళు కొత్తవి వేయాలనుకున్నాడు. చక్రాల ఇరుసులు పాతవే ఉంచవచ్చని తేల్చాడు. తేలనిది ఒక్కటే. హ్యాండిల్ కింద, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులు రెంటినీ బిగించి ఉంచే ఇనుప దిమ్మ ఉంటుంది; దాని మధ్య నిలువు కాడ. షెడ్లలో దాన్ని ఫోర్క్ టీ అంటారు. బావగారి బండిలోది తుప్పు తిని సన్నబడింది. అది విరిగితే ముందు చక్రం మనిషితో పాటు రాదు.

సామాన్ల కొట్టాయన బల్ల మీద రెండు పెట్టాడు.

“ఇది కొత్తది మేస్త్రీ. కవరు కూడా విప్పలేదు.”

“కంపెనీదా?”

“కంపెనీ ఈ బండిని మర్చిపోయి పదిహేనేళ్ళయింది. కాపీదే. గట్టిగానే ఉంటుంది.”

“కాపీ కొట్టి పాసైన డాక్టరు చేత ఆపరేషన్ చేయించుకుంటావా?”

“అయితే ఇది చూడు, అసలు కంపెనీది. కానీ ముందు చక్రం మెలికపడ్డ బండిలోంచి తీశారు. ఎక్కడ పడిందో, ఎవరు పడ్డారో నేనడగలేదు. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననకు. కాస్త సుద్ద వేసి చూసుకో, పోయేదేముంది?”

మేస్త్రీ నవ్వి, చిన్న సుత్తి బయటికి తీశాడు. ఇద్దరూ కలిసి రెంటినీ కొట్టు తలుపు గొళ్ళేనికి తీగతో వేలాడదీశారు. కాపీదాన్ని కొట్టాడు. ఎక్కడో దూరంగా, దుప్పటి కింద మోగినట్టు మోగింది. అసలుదాన్ని కొట్టాడు. అదీ అంతే. మళ్ళీ కొట్టాడు. ఈసారి మోత స్పష్టంగా, సాగుతూ వినిపించింది. అది ఇనుములోంచి వచ్చిందా, ముప్పై ఎనిమిదేళ్ళ జ్ఞాపకంలోంచి వచ్చిందా అనే అనుమానం ఆయన గుండెల్లో చలిగాలిలా ఒక్కసారి దూరి బయటికి పోయింది.

“ఇదే,” అన్నాడు. కొట్టాయన కనుబొమలు ముడిపడటం చూశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు.

అప్పటికి రెండు నెలలుగా ఆయన ఒక సంగతి దాస్తున్నాడు. ఒక మధ్యాహ్నం గోడ గడియారం ఆగిపోయిందనుకుని కీ ఇవ్వబోయాడు. చూస్తే ముల్లు నడుస్తూనే ఉంది. ఆ తర్వాత కుళాయి చుక్కల చప్పుడు పోయింది. చలికి చెవులు మూసుకుపోయాయని తనకు తానే చెప్పుకున్నాడు. భార్యకు చెప్పలేదు. చెవి పోయిన చెవిమేస్త్రీ షెడ్డుకు బండి ఎవరు తెస్తారు?

మర్నాడు సామాన్లన్నీ వరసగా తీగకు వేలాడుతున్నాయి. బయట పొగమంచు తలుపు దాకా వచ్చి నిలబడింది. భార్య షెడ్డు ఊడుస్తుంటే చీపురు కర్ర తగిలి అవి ఒక్కొక్కటిగా మోగాయి. ఒకటి మాత్రం మోగలేదు, పొడిగా దగ్గింది.

“ఏమండీ, ఇదొక్కటీ పగిలిన కుండలా మోగుతోందేంటి?”

మూడడుగుల దూరంలో వీపు తిప్పి కూర్చున్న మేస్త్రీ, “ఆఁ, మధ్యాహ్నానికి వచ్చేస్తాలే,” అన్నాడు.

ఆమె మళ్ళీ ఊడవసాగింది. పనిలో పడి పరధ్యానంగా ఉన్నాడనుకుంది. ఆయన విద్యలో తాను వేలు పెట్టడమెందుకని ఊరుకుంది.

వారంలో బండి నిలబడింది. నల్లరంగు మెరిసింది. మేస్త్రీకి మాత్రం నమ్మకం కుదరలేదు. రెండుసార్లు హ్యాండిల్ పట్టుకుని ఊపి చూశాడు. గట్టిగానే ఉంది. పగిలినదైనా విరిగేదాకా గట్టిగానే ఉంటుందని ఆయన కంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు.

బయల్దేరే పొద్దున మేనకోడలు హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చింది. ఇరుగుపొరుగు గోడల మీద మోచేతులు ఆన్చి చూస్తున్నారు. ఆమె ఎక్కి కిక్ కొట్టింది. రెండో కిక్కుకే బండి అందుకుంది.

“మావయ్యా, ఆ టకటక ఏంటి?”

“ఏ టకటక?”

“అదిగో, ఇంజన్ పైన. కుట్టుమిషన్ లాగా.”

“నాకూ వినిపిస్తోంది,” అంది భార్య గుమ్మంలోంచి.

మేస్త్రీ వంగి చెవి దగ్గరగా పెట్టాడు. బండి హోరు తప్ప ఏమీ లేదు. అరచేయి ఇంజన్ మీద పెట్టాడు. టక్, టక్, టక్. అది చేతికి తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు. వాల్వుల సందు కాస్త ఎక్కువైంది, అంతే. పానాతో ఐదు నిమిషాల పని. ఇంకో రోజైతే నవ్వుతూ బిగించేవాడు. ఇంత దగ్గరి టకటకే వినబడని చెవి, ఆ రోజు కొట్టు గొళ్ళెం దగ్గర ఏం విన్నట్టు?

“దిగు.”

“టకటకకేగా మావయ్యా, దిగడమెందుకు—”

“దిగమన్నానా!”

తాళంచెవి లాగేశాడు. భార్య దగ్గరికొచ్చి, “ఆ రోజే చెప్పానుగా, ఒకటి పగిలిన కుండలా మోగుతోందని. మీరు మధ్యాహ్నానికి వస్తానన్నారు,” అంది.

ఆయన మొహం పాలిపోయింది. “ఏది?”

ఆమె హ్యాండిల్ కిందికి వేలు చూపించింది.

అందరూ చూస్తుండగా చక్రం ఊడదీశాడు, ఫోర్కులు దింపాడు, టీని బయటికి లాగాడు. గోడ మీంచి ఎవరో, “మేనకోడలు వెళ్ళడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా!” అన్నారు. అది ఆయనకు వినబడలేదు. రంగు గీకి కిరసనాయిల్లో ముంచాడు. తుడిచి, ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి సుద్దపొడి చల్లాడు. ముగ్గురూ వంగి చూశారు. తెల్లటి పొడి మీద, కాడ దిమ్మను కలిసే చోట, వెంట్రుకంత నల్లగీత మొలిచింది. చూస్తుండగానే దారమంత అయి, కాడ చుట్టూ సగం దూరం పాకింది.

“ఇది ఎన్నాళ్ళు ఆగేది మావయ్యా?”

“తెలీదమ్మా. మొదటి మలుపు దాకానో, ఏడాదో. నాకు చెవులు వినబడటం లేదు. రెండు నెలలైంది. చెప్పలేదు.”

మేనకోడలు హెల్మెట్ నేల మీద పెట్టింది.

ఆమె ఆ నెలంతా బస్సులో, కాలినడకన పనికి వెళ్ళింది. తర్వాత అదే కొట్టు నుంచి కాపీ టీ తెచ్చి బిగించారు. బిగించేముందు మేస్త్రీ దానికి సుద్ద వేశాడు; గీత తేలలేదు. భార్య తీగ దగ్గర నిలబడి మోత విని, గంటలా సాగుతోందని చెప్పింది.

ఇక ఉన్న సాక్ష్యం తూచి చూస్తే, ఆయనకు మేనకోడలి ఉద్యోగం మీద అయిష్టం లేదు, బండి మీద ఆశ లేదు, మతి చెడలేదు. కొట్టాయన దాచిందీ లేదు. సుద్ద వేసి చూసుకోమని నోరు తెరిచి చెప్పాడు. చెవి పోతోందని తెలిసీ, పేరు పోతుందన్న భయంతో, మేస్త్రీ పగిలిన ఇనుమును మంచిదని తేల్చి మేనకోడలి బండికి బిగించాడు. అది తప్పు, చిన్న తప్పు కాదు. ఆమె వీధి మలుపు తిరగకముందే, నలుగురూ చూస్తుండగా, ఆ తప్పును తన చేత్తోనే విప్పి తన నోటితోనే చెప్పాడు. ఆయన చేసింది ఈ రెండూనూ.